చక్కెర ద్రావణం శుద్ధికి ఏది మేలు: సున్నమా, బొగ్గా, సర్ఫ్యాక్టెంటా?

ఇథనాల్, బ్యూటనాల్ తీయడానికి చొప్ప, పిప్పి లాంటి వ్యర్థాలను పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉడికిస్తే చక్కెరతో పాటు సూక్ష్మజీవులకు గిట్టని పదార్థాలూ దిగుతాయి. వేడికి చక్కెరలే విరిగి అలాంటి విషాలైన ఫర్‌ఫ్యూరాల్, హెచ్‌ఎంఎఫ్‌ అవుతాయి. మొక్కల కణగోడలోని హెమిసెల్యులోజ్ నుంచి ఎసిటిక్ ఆమ్లం, దాన్ని గట్టిగా ఉంచే లిగ్నిన్ నుంచి ఫినాల్ జాతి పదార్థాలు వస్తాయి. వీటి మోతాదు మించితే ఈస్ట్ ఎంతకీ పని మొదలుపెట్టదు.

సున్నం చౌక. పీహెచ్ 10 దాకా పెంచి, వడగట్టి, మళ్లీ 5.5 దగ్గరికి దించితే ఫర్‌ఫ్యూరాల్, కొన్ని ఫినాళ్లు తగ్గుతాయి. కాకపోతే జిప్సం బురద మిగులుతుంది, చక్కెర కూడా కొంత పోతుంది. యాక్టివేటెడ్ బొగ్గు ఫినాళ్లను బాగా పట్టేస్తుంది. కానీ అదీ కొంత చక్కెరను మింగుతుంది, తిరిగి వాడాలంటే కాల్చాలి.

నాకు బాగా నచ్చింది సర్ఫ్యాక్టెంట్ (సబ్బులా ఒక కొస నీటిని, మరో కొస నూనెను ఇష్టపడే పదార్థం) పద్ధతే. ట్రైటాన్ ఎక్స్-114 అనే సర్ఫ్యాక్టెంట్ కలిపిన ద్రావణాన్ని కాస్త వేడి చేస్తే చాలు, పాలలా తెల్లబడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున చిక్కటి పొర చేరుతుంది. నీటికి దూరంగా ఉండే ఫినాళ్లు అందులోకి పోతాయి. నీరంటే ఇష్టపడే చక్కెర పైనే ఉండిపోతుంది. అసలు గొప్పతనం అక్కడే ఉంది: విషం పోతుంది, సరుకు పోదు. ఉప్పు కలిపితే ఇంకా తక్కువ వేడికే పొరలు విడిపోతాయి.

అయితే ఎసిటిక్ ఆమ్లం దీనికి పెద్దగా లొంగదు, హెచ్‌ఎంఎఫ్ కూడా చాలావరకు నీటిలోనే ఉండిపోతుంది. పైపొరలో మిగిలిన సర్ఫ్యాక్టెంట్ పులియబెట్టే తొట్టిలో (ఫర్మెంటర్‌లో) నురగ తెస్తుంది. అడుగు పొర నుంచి దాన్ని తిరిగి రాబట్టకపోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అందుకే ముందు ద్రావణంలో ఏముందో కొలవాలి. ఈస్ట్‌తో ఇథనాల్ తీస్తూ, ఫర్‌ఫ్యూరాలే ప్రధాన సమస్య అయితే సున్నంతో సరిపెట్టుకోవచ్చు. క్లోస్ట్రిడియం అనే బ్యాక్టీరియాతో బ్యూటనాల్ తీసేవారికి మాత్రం సర్ఫ్యాక్టెంటే నా సలహా. ఆ బ్యాక్టీరియా కొద్దిపాటి ఫర్‌ఫ్యూరాల్‌ను తట్టుకుంటుంది కానీ, ఫెరూలిక్ ఆమ్లం లాంటి ఫినాళ్ల ముందు చతికిలపడుతుంది.

ప్లాంటు స్థాయికి వెళ్తే ట్రైటాన్ వద్దు. దాని నుంచి విడిపోయే ఆక్టైల్‌ఫినాల్ జలచరాల హార్మోన్లను దెబ్బతీస్తుంది. 2021 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో ట్రైటాన్ ఎక్స్ కుటుంబాన్ని వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. పోలోక్సమర్ రకం సర్ఫ్యాక్టెంట్లతో మొదలుపెట్టడం నయం.