ఫిన్లాండ్ ఆకాశంలో బ్రూస్టరా, మెసెర్‌ష్మిట్టా?

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో సోవియట్‌లతో పోరాడుతున్న ఫిన్లాండ్ పైలట్‌కు ఏ యుద్ధ విమానం మేలు: అమెరికా బ్రూస్టరా, జర్మనీ మెసెర్‌ష్మిట్ 109 జీయా?

సంఖ్య: బ్రూస్టర్లు 44 మాత్రమే. 109 జీలు దాదాపు 160 వచ్చాయి.

వేగం: బ్రూస్టర్ గంటకు సుమారు 480 కి.మీ. 109 జీ 600 దాటేది.

రిపేరు: బ్రూస్టర్‌కు అమెరికా విడిభాగాలు ఆగిపోయాయి. మెకానిక్‌లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. యుద్ధంలో చిక్కిన సోవియట్ ఎం-63 ఇంజన్లను కొన్నిటికి బిగించారు. అదీ బ్రూస్టర్‌లో ఉన్న అమెరికా రైట్ సైక్లోన్ ఇంజన్ వంశమే మరి! ఈ కథలో నాకు బాగా నచ్చేది ఈ పనితనమే.

రిస్క్: 109 చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. టేకాఫ్‌లో కాస్త ఏమరితే పక్కకు లాగేస్తుంది. బ్రూస్టర్ చెప్పిన మాట వినేది. ఫిన్లాండ్ పైలట్ యూటిలైనెన్ కూల్చిన 94 విమానాల్లో 34 దానిమీదే.

1941లో సోవియట్ ఐ-16 యుద్ధ విమానాలతో పోరుకు బ్రూస్టర్ చాలు. 1944 వేసవిలో సోవియట్ లా-5 యుద్ధ విమానాలు మీదికొస్తే మాత్రం 109 జీయే కావాలి.