అసీల్ నిలవాలంటే ప్రదర్శన మేలా, పెరడు మేలా?

పందెం కోసమే తరతరాలుగా ఏరి పెంచిన కోడి అసీల్. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఈ జాతిని ఇకపై దేనికోసం పెంచాలన్నది అసలు ప్రశ్న. ఆకారానికి బహుమతులిచ్చే ప్రదర్శన ఒక దారి కాగా, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో నాటుకోళ్లను పెంచినట్టే పెరట్లో పెంచుకోవడం రెండో దారి.

ప్రదర్శన దారి ఎటు పోతుందో ఇంగ్లండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ 1835లో కోడిపందేలను నిషేధించిన తరువాత పందెంకోళ్లు ప్రదర్శనలకు చేరాయి. ఓల్డ్ ఇంగ్లిష్ గేమ్ అనే పాత జాతి అలాగే బతికింది, ఆ మేలును కాదనలేము. అయితే న్యాయనిర్ణేతలు పొడుగు కాళ్లను, పొడుగు మెడను మెచ్చినకొద్దీ పెంపకందార్లు వాటినే ఏరుకుంటూ పోవడంతో, మోడరన్ గేమ్ పేరిట కొంగను తలపించే కోడి ఒకటి తయారైంది. ఓల్డ్ ఇంగ్లిష్ గేమ్ సైతం తరువాతి కాలంలో వెడల్పు రొమ్ము ఉన్న కార్లైల్ అని, పాత రూపానికి దగ్గరగా ఉన్న ఆక్స్‌ఫర్డ్ అని రెండుగా చీలింది.

పెరటి సంగతి వేరు. నర్సంపేట వైపు మా మేనత్త ఇంట్లో ఒక ఎర్ర అసీల్ పెట్ట ఉండేది. పొదుగుకు కూర్చున్నదంటే, గంప ఎత్తి నూకలు చల్లినా లేచేది కాదు. ఈకలు ఉబ్బించి, చేయి పెట్టినవారిని పొడిచేది. గద్ద నీడ పడితే పిల్లలను రెక్కల కిందికి పిలుచుకునేది. ఈ తల్లి గుణాన్ని ప్రదర్శనలో పంజరం ముందు నిలబడి ఎవరు కొలవగలరు? గుడ్ల లెక్కలో మాత్రం అసీల్ ఓడిపోతుంది: హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా ఏడాదికి సుమారు 100 గుడ్లు పెడితే, ఇది 30, 40 దగ్గర ఆగుతుంది. కానీ వనరాజాకు పొదిగే అలవాటు లేదు గనుక పిల్లలను మళ్లీ మళ్లీ కొనవలసిందే.

పెరటి దారిలోని అసలు ప్రమాదం సంకరం. ఏ పుంజైనా వీధిలో తిరిగే ఊళ్లో కొన్ని తరాలకే అసీల్ నిటారు నడక, బిగువైన పలుచటి ఈకలు మాయమవుతాయి. మనం దుకాణంలో కొనే బ్రాయిలర్ పూర్వీకులలో కార్నిష్ కోడి ఉంది, ఆ కార్నిష్‌లో అసీల్ రక్తం ఉంది. అంతటి మూలాన్ని అజాగ్రత్తతో పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

అందుచేత నా ఓటు పెరటికే, అదీ ప్రదర్శన పెంపకందారుకు ఉండే క్రమశిక్షణతో. పుంజును ఒక్కదానినే ఉంచాలి, ఎందుకంటే రెండు అసీల్ పుంజులు ఒకే దొడ్డిలో ఇమడవు. పెట్టలను ఇతర జాతుల పుంజుల నుంచి దడి కట్టి వేరు చేయాలి. అన్నాచెల్లెళ్ల పిల్లలనే మళ్లీ జతకట్టకుండా, వేరే ఊరి పెంపకందారుతో ఎప్పటికప్పుడు పుంజును మార్చుకోవాలి.