నానబెట్టక్కర్లేని చెక్క పడవ: 5200 బాటమ్ వేసిన పాత క్రిస్-క్రాఫ్ట్

అమెరికాలో పాత చెక్క మోటారు పడవలున్నవాళ్ళకు ఏటా మే నెలలో ఒక తద్దినం ఉంటుంది: నానబెట్టడం. చలికాలమంతా షెడ్డులో ఎండిన అడుగు చెక్కలు కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. పడవను నీళ్ళలోకి దించి, పట్టీల మీద వేలాడదీసి, లోపల రెండు పంపులు పెట్టి, చెక్క నీరు తాగి ఉబ్బి సందులు మూసుకునేదాకా రెండు మూడు రోజులు కాపలా కాయాలి. మన ఊళ్ళలో ఎండలకు వదులైన బండి చక్రాలను కాలవలో పడేసి బిగిసేదాకా ఉంచేవాళ్ళు కదా, అదే పద్ధతి. కాకపోతే చక్రం మునిగితే నష్టం లేదు. ఇక్కడ రాత్రి కరెంటు పోయి పంపు ఆగితే ఇంజిన్‌తో సహా మునుగుతుంది.

5200 అంటే 3ఎం కంపెనీ సీలెంటు, గట్టిపడ్డాక కూడా రబ్బరులా సాగే జిగురు. అందులో కూర్చోబెట్టి కొత్తగా కట్టిన అడుగునే 5200 బాటమ్ అంటారు. అది వేసిన పడవకు ఈ బాధ లేదు. ట్రెయిలర్ మీద నుంచి నేరుగా నీళ్ళలోకి దించడం, ఇంజిన్ దగ్గరి పెట్రోలు ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పడం, స్టార్ట్ చేసి పోవడం. సాయంత్రం మళ్ళీ ఇంటికి. పాత పడవ మీద ఎంత ప్రేమున్నా, ఈ సుఖం లేకపోతే ఇన్ని సీజన్లు దాన్ని ఉంచుకునే ఓపిక ఉండేది కాదు. అయితే కొత్తలో నేను నోరారా పొగిడిన ఈ బాటమ్ గురించి ఇప్పుడు కొన్ని మాటలు వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. ఈ సమీక్ష అందుకే.

పడవ క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ 1948 నాటి 17 అడుగుల డీలక్స్ రనబౌట్ (పైకప్పు లేని చిన్న మోటారు పడవ), ఇంజిన్ ఆరు సిలిండర్ల ‘కే’, 95 హార్స్‌పవర్. మిగతా వివరాలు ఈ మోడల్ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కంపెనీ పుట్టింది మిషిగన్‌లో, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్‌లో. డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవి వైపు ఉండే మనవాళ్ళకు ఇలాంటి పడవలు ఎక్కడో మ్యూజియంలో చూసే వస్తువులు కావు, పక్క వీధి గరాజ్‌లో దుప్పటి కింద ఉండొచ్చు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండు. ఒకటి, పడవ మీది హల్ నంబరు, అంటే ఆ పడవ ఒంటికి కంపెనీ వేసిన నంబరు. క్రిస్-క్రాఫ్ట్ పాత రికార్డులు వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో మారినర్స్ మ్యూజియం దగ్గరున్నాయి. నంబరిస్తే ఆ పడవ హల్ కార్డు నకలు ఇస్తారు. ఏ ఇంజిన్‌తో వెళ్ళింది, ఏ డీలరుకు వెళ్ళింది అందులో దొరుకుతుంది. యుద్ధం అయిన కొత్తలో మహాగని కరువై కొన్ని పడవలకు సీడర్ చెక్క వేసి పెయింట్ కొట్టారు. అలాంటిదాన్ని తర్వాత ఎవరో గీకి వార్నిష్ వేసి మహాగని అని అమ్మబోతే ఈ కార్డు కాపాడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. అమ్మేవాళ్ళలో సగం మంది ‘5200 బాటమ్’ అంటారు. చాలాసార్లు దానర్థం పాత చెక్కలు అలాగే ఉంచి, సందుల్లో 5200 కుక్కి పైన ఎర్ర రంగు కొట్టడమే. అది రెండు సీజన్లు ఆగి మూడోదాంట్లో కారుతుంది. పని జరుగుతున్నప్పటి ఫొటోలు అడగండి: పడవ బోర్లా పడుకుని, ఫ్రేములు (పక్కటెముకల్లాంటి అడ్డ చెక్కలు) బయటపడి, లోపలి పొర కొత్తగా వేసిన ఫొటో ఉండాలి. లేకపోతే బాటమ్ కొత్తగా వేయించాలనే లెక్కతోనే బేరమాడాలి. ఆ పని ఖర్చు చాలాసార్లు పడవ కొన్న ధరను మించుతుంది.

అసలు పద్ధతి ఇది. కంపెనీ వేసిన పాత బాటమ్‌లో లోపల ఏటవాలుగా పలచటి చెక్క, దానిమీద లప్పం పట్టించిన కాన్వాసు గుడ్డ, ఆపైన పొడవునా అర అంగుళం మహాగని ఉంటాయి. 5200 బాటమ్‌లో ఆ గుడ్డా, లోపలి చెక్కా రెండూ పోతాయి. కుళ్ళిన ఫ్రేములు మార్చి, కీల్ (అడుగు మధ్యలో పొడవునా ఉండే దూలం) నిటారుగా ఉందో లేదో దారం కట్టి చూసి, అన్నిటికీ పలచటి ఎపాక్సీ సీలరు పట్టించాక, పావు అంగుళం మందం ఒకూమే అనే చెక్కతో చేసిన మెరైన్ ప్లైవుడ్‌ను ఫ్రేముల మీద 5200లో కూర్చోబెడతారు. ప్లైవుడ్ మీద మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 ముద్ర ఉన్నదే కావాలి. ముక్కు వైపు అడుగు మెలి తిరుగుతుంది, అక్కడ పావు అంగుళం షీటు వంగదు. బలవంతంగా వంచితే పగులుతుంది, లేదా ఫ్రేము దగ్గర ఎత్తుగా నిలుస్తుంది. అక్కడ 3 మిల్లీమీటర్ల షీట్లు రెండు పొరలుగానో, ఏటవాలు చెక్కలుగానో వేయాలి.

ఆపైన పళ్ళ తాపీతో మొత్తం 5200 పరిచి మహాగని చెక్కలు. సరుకు ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు: ఈ సైజు పడవకు అడుగు సుమారు ఏడు చదరపు మీటర్లు, మిల్లీమీటరున్నర పొర అంటే పది లీటర్ల పైనే. 295 మిల్లీలీటర్ల ట్యూబులైతే ఆ పొరకే 36. ఫ్రేములకూ సందులకూ కలిపి ఇంకో పది పెట్టుకోవాలి. స్క్రూలు సిలికాన్ బ్రాంజ్, 8 నంబరు, అంగుళంపావు. స్టెయిన్‌లెస్ వద్దు. గాలి ఆడని తడి చెక్కలో అది లోలోపల గుంటలు పడి తెగుతుంది. స్క్రూ చివరిదాకా బిగించినా చెడ్డే, 5200 అంతా బయటికి పిండుకుపోయి మధ్యలో ఏమీ మిగలదు. ఇది గాలిలో తేమతో గట్టిపడే సరుకు. చలికాలం హీటరు పెట్టిన గరాజ్‌లో గాలి ఎండిపోయి ఉంటుంది, డబ్బా మీద రాసిన వారం రోజులు చాలవు. నేల మీద నీళ్ళు చల్లి, రెండు మూడు వారాలు కదపకుండా వదిలెయ్యడం మంచిది. గట్టిపడ్డాక పైకి వచ్చినదాన్ని ఇసుక కాగితంతో రుద్దితే జిగురై కాగితం పాడవుతుంది, పదునైన ఉలితో చెక్కెయ్యాలి.

ఇలా వేసిన బాటమ్ వల్ల లాభం నానబెట్టే పని తప్పడం ఒక్కటే కాదు. అడుగున నీరు చేరే చోటు, బిల్జ్, ఎండి ఉంటుంది. ఎండి ఉంటే దేని రోగం ఎక్కడుందో కనిపిస్తుంది. పాత బాటమ్‌లో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళుంటాయి, వాటిలో సగం చెంబు ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ స్టఫింగ్ బాక్సు (ప్రొపెల్లరు షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీటిని ఆపేది) షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు వదలాలి, అంతకు మించితే కింద చార కనబడుతుంది. నీళ్ళ పంపు సీలు అరిగినా, ఎగ్జాస్ట్ గొట్టం క్లాంపు వదులైనా, ఆయిల్ కారినా అంతే. ఈ గుణం గురించి ముందు ఎవరూ చెప్పలేదు, వాడాకే తెలిసింది.

చిక్కు కూడా అక్కడి నుంచే వచ్చింది. బిల్జ్ ఎండి ఉందంటే చూసేది ఎక్కడ? పంపు దగ్గర, వెనక నీళ్ళు వదిలే ప్లగ్గు దగ్గర. అక్కడ పొడిగానే ఉంది. కొన్ని సీజన్ల తర్వాత ముందు సీటు కింద పలకలు ఎత్తితే ముక్కవాసన. రెండు ఫ్రేముల మధ్య గదిలో నల్లటి మరక, పక్కనే ఓక్ ఫ్రేము పాదంలోకి సూది పొడిస్తే అర అంగుళం అడ్డు లేకుండా దిగింది. సరస్సు నీరు ఒక్క చుక్క కూడా రాని పడవలో ఓక్ కుళ్ళింది.

ఆ నీరు పైనుంచి వచ్చినది. ట్రెయిలర్ మీద కవరు కింద ఉన్నప్పుడు పడిన వాన. ఒక మనిషి లోపల టార్చితో పడుకుని, ఇంకొకరు డెక్కు మీద హోస్‌తో నీళ్ళు పోస్తూ అంగుళం అంగుళం జరిగితే దొరికింది: ముందు గాలి అద్దం (విండ్‌షీల్డ్) బ్రాకెట్ స్క్రూల దగ్గర లప్పం ఎండి పెళుసైపోయింది. నీరు డాష్‌బోర్డు వెనక నుంచి ఫ్రేము వెంట జారి కిందికి వస్తోంది. అంతవరకు చిన్న విషయమే. ఏ పాత పడవ డెక్కయినా అంతో ఇంతో కారుతుంది. కానీ పాత బాటమ్ ట్రెయిలర్ మీద ఉంటే ఆ వాన నీరు సందుల్లోంచి నేల మీదికి కారిపోతుంది. ఈ బాటమ్‌లో దారి లేదు. బయటి నీటిని రానివ్వనిది లోపలి నీటిని పోనివ్వదు కూడా.

పోవడానికి ఉన్న ఒకే దారి ఫ్రేముల కింద కీల్ పక్కన ఉండే నీటి గాడులు. ఒక్కో ఫ్రేముకు అటొకటి ఇటొకటి ఉంటాయి. వాటిగుండా నీరు వెనక్కి నడిచి ప్లగ్గు దగ్గరికి చేరాలి. ఈ పడవకు బాటమ్ వేసిన వర్క్‌షాపు ప్లైవుడ్ కూర్చోబెట్టినప్పుడు ఫ్రేము కింద నుంచి పిండుకుని వచ్చిన 5200ను గాడుల్లోంచి తీయలేదు. పైన బిల్జ్ పెయింట్ కొట్టేసింది. పైనుంచి చూస్తే గాడి ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల రబ్బరు బిరడా. ముందు గదిలో పడ్డ నీరు అక్కడే వారాల తరబడి నిలిచింది. చెక్కలో తేమ 28-30 శాతం దాటి, గాలి కూడా తగిలితే బూజు తన పని తాను చేసుకుపోతుంది.

దీనికి పరీక్ష సులువు. ట్రెయిలర్ ముక్కు ఎత్తి పెట్టి, ప్లగ్గు తీసి, అన్నిటికంటే ముందున్న గదిలో ఒక చెంబు నీళ్ళు పొయ్యండి. ఒకటి రెండు నిమిషాల్లో వెనక కారాలి. రాకపోతే ఒక్కో గాడిలో బట్టల హ్యాంగరు తీగ దూర్చి చూడాలి. కొత్తగా బాటమ్ వేసేవాళ్ళైతే ప్లైవుడ్ పెట్టేముందు గాడుల గుండా మైనం బాగా పట్టించిన తాడు పరిచి, 5200 పైపొర కట్టాక లాగెయ్యాలి. కొందరు ముందు నుంచి వెనకదాకా సన్నటి ఇత్తడి గొలుసు శాశ్వతంగా వదిలేస్తారు. అప్పుడప్పుడు అటూ ఇటూ లాగితే గాడులు తేటపడతాయి.

రిపేరు సంగతి. పాత బాటమ్‌లో అయితే నాలుగు స్క్రూలు తీసి చెక్క ఊడదీసి ఫ్రేము మార్చేవాళ్ళు. ఇక్కడ చెక్క ఊడదు. 5200 అతుకు చెక్క కంటే గట్టిది, బలవంతం చేస్తే ప్లైవుడ్ పొరలే చీలిపోతాయి. కాబట్టి పని లోపలి నుంచే చేయాలి. బయట లప్పం తవ్వి ఆ ఫ్రేములోకి వచ్చే స్క్రూలు తీశాక, ఫ్రేము పాదాన్ని గట్టి చెక్క తగిలేదాకా ఏటవాలుగా కోశారు. కింద అంటుకున్న భాగాన్ని హీట్ గన్‌తో వెచ్చచేస్తూ సన్నటి స్టీలు తీగను రంపంలా లాగి విడదీశారు. దీనికి ఓపిక కావాలి. వేడి ఎక్కువైతే అవతల పక్క అతుకు కూడా మెత్తబడుతుంది. కొత్త పాదం వైట్ ఓక్‌తో చేయించాలి. రెడ్ ఓక్ రంధ్రాలు తెరిచి ఉంటాయి, ముక్క చివర నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి వస్తుంది, నీరు రాదా? వైట్ ఓక్ మామూలు ఎపాక్సీకి సరిగ్గా అతకదు, అందుకే కొంచెం సాగే గుణమున్న జీ-ఫ్లెక్స్ రకం వాడారు. పక్కన ఇంకో ఓక్ ముక్క జోడించి పావు అంగుళం బ్రాంజ్ బోల్టులు వేశారు. ఒక్క ఫ్రేము పాదానికి ఇంత. అద్దం బ్రాకెట్లు మాత్రం బ్యూటైల్ టేపు (గట్టిపడని మెత్తటి రబ్బరు టేపు) మీద కూర్చోబెట్టాలి. అక్కడ 5200 పెట్టారో, మళ్ళీ తీసేటప్పుడు డెక్కు చెక్క కూడా వెంట వస్తుంది.

ఇంకొక సవరణ. ‘చెక్క ఇక కదలదు’ అని కొత్తలో నేను అనడం తప్పు. ప్లైవుడ్ కదలదు, పైనున్న మహాగని కదులుతుంది. మధ్యలో 5200 సాగి సర్దుకుంటుంది కాబట్టే ఈ పద్ధతి నిలిచింది. గట్టి ఎపాక్సీతో మొత్తం అతికించిన బాటమ్‌లు పగుళ్ళివ్వడానికి కారణం కూడా అదే. కానీ జనవరిలో ఎముకలా ఎండిన చెక్కను సందు లేకుండా బిగించి వేస్తే, జూన్‌లో ఉబ్బి పక్కకు తోసుకుంటుంది, అడుగున చెక్క అంచులు చేతికి తగులుతాయి. ఈ పడవలో ఎడమ వైపు కొంచెం అలాగే ఉంది. నడవడానికి ఇబ్బందేమీ లేదు, కంటికే.

వార్నిష్, ఇంజిన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. మొదటి పూత సగానికి సగం పలచన చేసి, మొత్తం పది పన్నెండు పూతలు, ఏటా పైన ఒకటి రెండు. ‘కే’ ఇంజిన్‌లో సరస్సు నీరే తిరుగుతుంది కనుక అక్టోబరులో బ్లాకు డ్రెయిన్లు తెరవడమొక్కటే సరిపోదు, తుప్పు అడ్డుపడి నీరు లోపలే ఉండిపోతుంది. తీగతో పొడిచి చూడాలి. లేకపోతే గడ్డకట్టి బ్లాకు పగులుతుంది.

తీసుకోవచ్చా అంటే, ట్రెయిలర్ మీద ఉంచి వారాంతాల్లో మంచినీటి సరస్సులో తిప్పేవాళ్ళకు ఈ బాటమ్ తప్ప ఇంకోటి చెప్పను. సొంత బోట్‌హౌస్ ఉండి మే నుంచి సెప్టెంబరు దాకా పడవ నీళ్ళలోనే ఉంచేవాళ్ళకు, పాత బాటమ్ ఇంకా గట్టిగా ఉంటే, దాన్ని విప్పే తొందరేం లేదు. నానబెట్టేది ఏడాదికి ఒక్కసారే, ఫ్రేము పాడైతే చెక్క ఊడదీసి మార్చుకోవచ్చు. ఉప్పు నీళ్ళ సంగతి నా అనుభవంలో లేదు. నా పడవకైతే ముందున్న గాడులన్నీ తేటపడ్డాయి. ఇంజిన్ కింద ఉన్న రెండు మాత్రం తీగకు అందడం లేదు. అవి చూడాలంటే ఇంజిన్ ఎత్తాలి, ఎలాగూ క్లచ్ ప్లేట్ల పనికి దాన్ని బయటికి తీయాలి గనక ఈ చలికాలానికి పెట్టుకున్నాను.