ఇంటికొచ్చే మ్యూజిక్ థెరపీ: మా నాయనకు 24 సెషన్లు

రేటింగ్ ముందే చెప్పేస్తా. ఐదుకు నాలుగు. పేరు మాత్రం రాయను. తిరుపతిలో ఒక్క అమ్మాయి నడుపుకునే సర్వీసు ఇది, ఆమెకు ఇప్పటికే ఊపిరాడటం లేదు. నా రివ్యూ చదివి ఇంకో పదిమంది ఫోన్ చేశారంటే మా నాయన నెలవారీ అపాయింట్‌మెంటుకు నేనే ఎసరు పెట్టినట్టు.

నాయనకు 71 ఏళ్ళు. మదనపల్లె దగ్గర మా పల్లెలో చెక్కభజన జట్టుకు ముప్పై ఏళ్ళు గురువు. పోయినేడు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ పక్క దెబ్బతింది కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు పడ్డాయి. మాట కూడా పోయింది. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను అనుకున్నది మాత్రం నోటికి రాదు. బ్రోకా అఫేసియా అన్నారు డాక్టరు. "ఆ... ఆ..." అని ఎడమ చేత్తో నుదురు కొట్టుకునేవాడు.

ఈమె కంటే ముందు మేము ఇంకోచోట దెబ్బతిన్నాం. రాగ చికిత్స ప్యాకేజీ అని 6,000 తీసుకుని ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. పొద్దున వినేది బీపీకి, సాయంత్రం వినేది నరాలకు. వాళ్ళు నాయన ముఖం కూడా చూడలేదు. రెండో రోజే నాయన స్పీకర్‌ను మంచం మీంచి కిందికి తోసేశాడు. నా దృష్టిలో ఆ ప్యాకేజీకి సరైన రివ్యూ అదే.

ఈమె మొదటి రోజు అసలు పాటే పాడలేదు. ముప్పావు గంట ప్రశ్నలు. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, రెండు చెవులూ సరిగ్గా వినపడతాయా, నీళ్ళు తాగితే పొలమారుతుందా, గట్టి శబ్దానికి ఉలిక్కిపడతాడా, ఏ పాటలు ఇష్టం, ఏవి పడవు. ఫిజియో నంబరు, స్పీచ్ థెరపిస్టు నంబరు తీసుకుంది. ప్రశ్నలడగడానికి 1,200 రూపాయలా అని లోపల మండింది నాకు. చివర్లో "తాతా, మీ భజన ఒకటి అందుకోండి" అని తొడ మీద తాళం వేసింది. నాయన అందుకున్నాడు. పల్లవి మొత్తం, మాటలతో సహా! మా తమ్ముడు ఏడుస్తూనే వీడియో తీసి చుట్టాల గ్రూపులో "నాయనకు మాటొచ్చింది" అని పెట్టేశాడు.

ఆమె నీళ్ళ బాటిల్ చూపించి "ఇదేంటి తాతా?" అంది. నాయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"అక్కా, పాట వేరు, మాట వేరు. నోటికి వచ్చిన పాట మెదడులో ఇంకో దారిన వస్తుంది. రోజూ భజన పాడించి డబ్బు తీసుకుంటే మీరూ సంతోషిస్తారు, ఆయనకు మాత్రం నీళ్ళు అడగడం రాదు" అంది. ఈ ఒక్క మాటకే నేను ఆమెకు ఒప్పుకున్నాను.

ఆమె ఎంచుకున్న పద్ధతి పేరు మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు మొదలుపెట్టారట. (2011లో అమెరికాలో తలకు తూటా తగిలి మాట పోగొట్టుకున్న అప్పటి పార్లమెంటు సభ్యురాలు గాబ్రియేల్ గిఫోర్డ్స్ గురించి కూడా తర్వాత చదివాను. ఆమె చికిత్సలోనూ పాటలున్నాయి.) చిన్న మాటను రెండే స్వరాల్లో, ఒకటి పైన ఒకటి కింద, రాగం తీస్తూ అనాలి. అక్షరానికొక దెబ్బ చొప్పున ఎడమ చేత్తో తట్టాలి. ముందు ఇద్దరూ కలిసి అనడం, తర్వాత ఆమె మధ్యలో గొంతు తగ్గించడం, ఆ తర్వాత ఆయనొక్కడే. చివరికి రాగం కూడా కొంచెం కొంచెంగా తీసేసి మామూలు మాటలోకి తేవాలి. ఇంగ్లీషులో ఒత్తి పలికే చోట స్వరం పెంచుతారు. తెలుగులో అలా కుదరదని ఆమె ప్రతి అక్షరం గురువా లఘువా చూసుకుని, గురువును పైకి, లఘువును కిందికి పెట్టుకుంది. స్కూల్లో మమ్మల్ని చావగొట్టిన ఛందస్సు ఇక్కడ పనికొస్తుందని ఎవరనుకున్నారు!

మొదటి వాక్యం ఆమె ఎంచుకున్నది "నాకు నీళ్ళు ఇవ్వండి". రెండు వారాలు కదల్లేదు. మూడో వారం నన్నడిగింది, "అక్కా, తాత ఇదివరకు నీళ్ళు ఎలా అడిగేవారు?" నవ్వొచ్చింది నాకు. మా నాయన జన్మలో ఎవరినీ ఇవ్వండి అని అడిగిన మనిషి కాదు. "నీళ్ళు తేమ్మా" అంటాడు. అదే పెట్టింది. 'నీ' పైకి, 'ళ్ళు' కిందికి, 'తేమ్మా' రెండూ పైన. నాలుగు దెబ్బలు. తొమ్మిదో సెషన్ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆమె లేనప్పుడు, వంటింట్లో ఉన్న నాకు వినపడింది. బియ్యం చేట కింద పెట్టి పరిగెత్తాను.

నడక కథ వేరు. ముందు ఆయన నడక లెక్కేసింది, నిమిషానికి 52 అడుగులు. ఫోన్‌లో మెట్రోనోమ్‌ను (ఒకే వేగంతో తాళం వేసే యాప్) 52కే పెట్టి దాంతోపాటు నడిపించింది. అది కుదిరాకే 55. ప్రతిసారీ ముందు బీపీ చూసేది. ఒకరోజు 180 ఉందని నడక మానేసి, నాతో డాక్టరుకు ఫోన్ చేయించి వెళ్ళిపోయింది. ఆ రోజు ఫీజు తీసుకోలేదు.

మెట్రోనోమ్ టిక్కుటిక్కు నాయనకు చిరాకు. చెక్కలు తెమ్మని సైగ చేశాడు. పడిన చేతికి కట్టి వాయిస్తే చేతికీ మంచిదే కదా అన్నాడు తమ్ముడు. ఆమె అక్కడికక్కడే ఫిజియోకు ఫోన్ చేసింది. కుడి భుజం కీలు జారి ఉంది, బరువు వద్దన్నాడాయన. ఎడమ చేతిలో ఎటూ కర్ర ఉంది. అందుకని తమ్ముడు వాయించేలా, నాయన నడిచేలా ఒప్పందం.

ఇక్కడే ఆమె పప్పులో కాలేసింది. భజన చూసినవాళ్ళకు తెలుసు, చివరికొచ్చేసరికి ఉరుకు పెరుగుతుంది. తమ్ముడి చేయి అలవాటు కొద్దీ ఉరికింది, నాయన కాలు దాని వెంట పోయింది, కుడి పాదం చాప అంచుకు తట్టుకుంది. ఆమె పట్టుకుంది కాబట్టి సరిపోయింది. "తప్పు నాది, చాప తీయించలేదు, వేగం చూసుకోలేదు" అని మా ముందే నోటుబుక్కులో రాసుకుంది. తర్వాతి సారి నుంచి తమ్ముడి చెవిలో ఇయర్‌ఫోన్, అందులో మెట్రోనోమ్, చేతిలో చెక్కలు. పద్దెనిమిదో సెషన్‌కు నిమిషానికి 64 అడుగులు, వసారా దాటి తులసికోట దాకా.

ఇంకొకటి. మా అమ్మ పాడే మంగళహారతి ఒకటి వచ్చినప్పుడు నాయన ఆగకుండా ఏడ్చాడు. నేను ఆపేయమన్నాను. ఆమె ఠక్కున ఆపలేదు, గొంతు తగ్గించి నిదానంగా ముగించింది. ఆ తర్వాత ఆ పాటను మాటల సాధనలోకి తేలేదు. అది అమ్మ మీద బెంగో, పక్షవాతం వల్ల ఏడుపు అదుపు తప్పడమో తేల్చేది తను కాదని న్యూరాలజిస్టు దగ్గరికి పంపింది. ఆయన ఒక మాత్ర కలిపారు.

ఇప్పుడు ఆ తగ్గిన స్టార్ సంగతి. నాలుగుసార్లు అరగంట ఆలస్యం, రెండుసార్లు బయల్దేరే ముందు క్యాన్సిల్. ఆమె రాకపోతే బదులు మనిషి లేదు. ఇంట్లో చేయాల్సిన సాధన కాగితం ఇంగ్లీషులో ఇచ్చింది. రోజంతా నాయనతో ఉండేది మా మరదలు, ఆమెకు ఇంగ్లీషు రాదు. అడిగాక తెలుగులో చేత్తో రాసిచ్చిందనుకోండి, అడిగేదాకా ఎందుకు? మొదటి రోజు 1,200, ఆ పైన 24 సెషన్లకు 900 చొప్పున, మొత్తం 22,800 అయింది. ఇన్సూరెన్స్ ఒక్క పైసా ఇవ్వలేదు.

24 తర్వాత కూడా కొనసాగిద్దామని నేనే బతిమాలాను. "నెలకొకసారి చాలక్కా. మిగతాది మీ మరదలు నాకంటే బాగా చేస్తోంది" అంది. ఈ నెల 15న వస్తుంది. కొత్త వాక్యం నాయనే ఎంచుకున్నాడు, సాయంత్రం సీరియళ్ళ టైములో రిమోట్ చూపించి. "టీవీ ఆపండ్రా".