ఫైన్ గ్రేడింగ్‌కి పాత డోజర్: ఇంజిన్ కన్నా ముందు బ్లేడ్ చూడండి

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న మిడ్ సైజ్ డోజర్, సిక్స్ వే బ్లేడ్ (పైకీ కిందకీ కదలడం, పక్కకి వంగడం, కోణం తిరగడం అన్నీ చేసేది), హైడ్రోస్టాటిక్ డ్రైవ్ (ట్రాకులు హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడితో తిరిగేది). ఇంజిన్ స్మూత్‌గా ఉంది, పొగ లేదు, కానీ ఫైన్ గ్రేడింగ్‌కి, అంటే నేలని సమంగా లెవెల్ చేసే పనికి, అసలు చూడాల్సింది బ్లేడ్ వెనక పిన్నులు, బుష్‌లు, మధ్యలో ఉండే బాల్ జాయింట్, ఎందుకంటే అక్కడ కొంచెం లూజ్ ఉన్నా నేల అలలు అలలుగా వస్తుంది, ఎంత మంచి ఆపరేటరైనా ఏం చేయలేడు. దీంట్లో గడ్డపార పెట్టి కదిపినా పెద్దగా ఆట లేదు, బ్లేడ్ లేపి కాసేపు ఉంచినా కిందకి జారలేదు, చాలా సంతోషం.

హైడ్రోస్టాటిక్ డ్రైవ్ వల్ల మట్టి తోస్తూ తిప్పినా రెండు ట్రాకులకీ పవర్ అందుతుంది, ఫినిషింగ్‌లో ఇదే నాకు బాగా నచ్చింది. స్ప్రాకెట్ (ట్రాకుని తిప్పే పళ్ళ చక్రం) పళ్ళు మాత్రం అరిగి మొనదేలాయి. అండర్‌క్యారేజ్ (ట్రాకులు, వాటి చక్రాలు ఉండే కింది భాగం) రిపేర్ చిన్న ఖర్చు కాదు కాబట్టి బేరం ఆడేటప్పుడు ఆ మేరకు ధర గట్టిగా తగ్గించమనండి.