గార్డాసిల్ 9: తొమ్మిది భాగాల టీకాకు ఆ ఖరీదు తగునా?

హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే గార్డాసిల్ 9 టీకాను మా అమ్మాయికి పన్నెండో ఏట ఆరు నెలల ఎడంతో రెండు డోసులు వేయించాము. ఒక్కో డోసు పది వేలు దాటడంతో మొదట వెనకాడి, ఇందులో ఏముందో శ్రద్ధగా చదివిన తరువాతే నిర్ణయించుకున్నాము.

2006లో అమెరికాలో అనుమతి పొందిన తొలి గార్డాసిల్ హెచ్‌పీవీలోని 6, 11, 16, 18 రకాలకు ఉద్దేశించినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. 6, 11 రకాల వల్ల జననాంగాల వద్ద పులిపిర్లు వస్తాయి. 2014లో అనుమతి పొందిన గార్డాసిల్ 9లో 31, 33, 45, 52, 58 రకాలను కూడా చేర్చడంతో ఆ 70 శాతం సుమారు 90కి పెరిగింది. తొమ్మిది అన్న అంకె ప్రచారం కోసం పెట్టింది కాదని నాకు నమ్మకం కలిగించినది ఈ తేడాయే.

వైరస్ పైతొడుగులోని ఎల్1 అనే ప్రోటీన్‌ను ఈస్ట్ కణాలలో తయారుచేస్తే, అది తనంతట తానే వైరస్‌ను పోలిన డొల్లగా అమరుతుంది. టీకాలో ఉండేది ఈ డొల్లలే. లోపల జన్యుపదార్థం లేదు కనుక వాటివల్ల ఇన్ఫెక్షన్ రాదు. ఒక రకం డొల్లను చూసి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు మరో రకాన్ని పెద్దగా అడ్డుకోవు కాబట్టి, ప్రతి రకానికీ వేరే డొల్లను చేర్చక తప్పదు. అలా చేర్చేకొద్దీ పాతవాటి ప్రభావం తగ్గకుండా చూడటమే అసలైన కష్టం. అందుకే 16వ రకం ప్రోటీన్‌ను 40 నుంచి 60 మైక్రోగ్రాములకు, రోగనిరోధక స్పందనను పెంచే అల్యూమినియం లవణాన్ని 225 నుంచి 500 మైక్రోగ్రాములకు పెంచారు. పద్నాలుగు వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన పరీక్షలో పాత నాలుగు రకాలపై యాంటీబాడీలు తగ్గలేదు. అంతకుముందు ఆ వైరస్ సోకని వారిలో, కొత్త ఐదు రకాల వల్ల క్యాన్సర్‌కు ముందు దశలో వచ్చే తీవ్రమైన మార్పులను టీకా సుమారు 97 శాతం నివారించింది. సూది వేసిన చోట నొప్పి, వాపు మాత్రం పాత టీకా కంటే ఎక్కువమందిలో కనిపించాయి. మా అమ్మాయికి కూడా రెండు రోజులు చెయ్యి బాగా నొప్పి పెట్టింది.

దీని పెద్ద లోపం ధరే. పుణెలోని సీరం సంస్థ 2023లో మార్కెట్లోకి తెచ్చిన సెర్వావాక్ నాలుగు రకాల టీకాయే అయినా, చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. అప్పటికే సోకిన వైరస్‌ను ఏ టీకా కూడా తొలగించలేదు కాబట్టి సరైన వయసులో వేయించడం ముఖ్యం. తొమ్మిది రకాల టీకాకు డబ్బు సమకూరేదాకా ఆగుతామన్న మా బంధువులకు, ఆగవద్దని, వాళ్ల పదకొండేళ్ల పాపకు ఈ నెలలోనే నాలుగు రకాల టీకా వేయించమని చెప్పాను.