అయిదు అరల పెట్టెతో మూడేళ్ళు

ఇంగ్లీషు మాట్లాడటం కోసం కార్డులు రాసి, అయిదు అరల పెట్టెలో వేసి తిప్పుతూ నేర్చుకుంటున్నాను. మొదట్లో నా కార్డులన్నీ ఒకేలా ఉండేవి. ముందువైపు ఒక ఇంగ్లీషు మాట, వెనకవైపు దాని తెలుగు అర్థం. నాలుగు నెలల్లో మూడు వందల కార్డులు రాశాను. కార్డు చూడగానే అర్థం టకటకా చెప్పేసేదాన్ని. తీరా ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే ఆ మూడు వందల్లో ఒక్కటీ నోటికి వచ్చేది కాదు. పెట్టెను పక్కన పెట్టేద్దామనుకున్నాను. పెట్టకపోవడమే మంచిదైంది. తప్పు పెట్టెది కాదు, నేను కార్డు రాసిన తీరుది.

పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక అట్టపెట్టెలో అయిదు అరలు ఉంటాయి. కొత్త కార్డు మొదటి అరలో వేస్తాం. సరిగ్గా చెబితే రెండో అరకు వెళ్తుంది, మళ్ళీ చెబితే మూడో అరకు. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటికే వచ్చేస్తుంది. నేను మొదటి అర రోజూ తీస్తాను, రెండోది రెండు రోజులకొకసారి, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది నెలకు. ఈ పెట్టెను 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్స్ విలేకరి ప్రచారంలోకి తెచ్చాడు. దీని వెనకున్న ఆలోచన ఇంకా పాతది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపుల్ని బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్క కట్టి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుంది, పోనుపోను నెమ్మదిస్తుంది. అందుకే కొత్త కార్డు రోజూ కనబడాలి, పాతది అప్పుడప్పుడూ చాలు. ఫోన్‌లో ఇదే పని చేసే యాప్‌లు ఉన్నాయి. నాకు చేత్తో రాస్తేనే గుర్తుంటుంది కాబట్టి కాగితమే వాడుతున్నాను.

అయిదో నెలలో కార్డును తిరగేశాను. ముందువైపు తెలుగులో ఒక సందర్భం, వెనకవైపు ఆ సందర్భంలో ఇంగ్లీషువాళ్ళు అనే పూర్తి వాక్యం. ఎందుకలా అంటే, మన 'పెట్టు' అనే ఒక్క క్రియనే చూడండి. ఫోన్ పెట్టేస్తాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, అలారం పెడతాం, పాపకు పేరు పెడతాం, కోడి గుడ్డు పెడుతుంది. ఇంగ్లీషులో వీటికి వరసగా హ్యాంగ్ అప్, పుట్ ఆన్, సెట్, నేమ్, లే. 'పెట్టు' అంటే 'పుట్' అని ఒక్క కార్డు రాసుకుంటే అయిదింట్లో నాలుగు తప్పుతాం. అటునుంచి చూసినా అంతే. బస్సు అందకపోతే 'ఐ మిస్డ్ ద బస్'. మనిషి లేక వెలితిగా ఉంటే 'ఐ మిస్ యూ'. అసలు సంగతి పట్టుకోలేకపోయావని చెప్పాలంటే 'యూ మిస్డ్ ద పాయింట్'. నా పెట్టెలో 'మిస్' అనే కార్డు లేదు, ఈ మూడు కార్డులున్నాయి.

ఇది పనిచేస్తోందని తెలిసిన రోజు బాగా గుర్తుంది. ఆఫీసులో ఫోన్ వచ్చింది. అవతలివాళ్ళు అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. 'ఐ విల్ ఫైండ్ ఔట్ అండ్ లెట్ యూ నో' అనేశాను. ఫోన్ పెట్టేశాక గానీ గమనించలేదు, అది ఆ వారమే నాలుగో అరలోకి వెళ్ళిన కార్డు. దాని ముందువైపు రాసుకున్నది 'కనుక్కుని చెప్తాను' అని. ఆ ఆలోచన రాగానే వాక్యం మొత్తం ఒక్కసారే వచ్చింది. మాట పక్కన మాట పేర్చుకునే టెన్షన్ లేదు. ఎన్నాళ్ళనుంచో నేను కోరుకున్నది అదే.

ఇక దెబ్బతిన్న సంగతి. మొదటి ఏడాది కొన్ని వాక్యాలు సొంతంగా అల్లి రాశాను. వాటిలో ఒకటి 'వి డిస్కస్డ్ అబౌట్ ఇట్'. 'దాని గురించి చర్చించాం' కదా, ఆ 'గురించి' కోసం 'అబౌట్' వేశాను. అది చక్కగా అయిదో అర దాకా వెళ్ళింది. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' రాదని ఒక సహోద్యోగి చెప్పేసరికి అది నాలుకకు పట్టేసింది. కార్డు చించడానికి ఒక్క క్షణం పట్టింది, ఆ 'అబౌట్'ను వదిలించుకోవడానికి నెలలు పట్టింది. పెట్టెకు తప్పొప్పులు తెలియవు, వేసిందాన్ని గట్టిపరచడమే దానికి తెలుసు. అప్పటినుంచి విన్న వాక్యమో, నిఘంటువులో ఉదాహరణగా ఇచ్చిన వాక్యమో తప్ప కార్డు ఎక్కించను. నేర్చుకునేవారి కోసమే వేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులు దీనికి బంగారంలాంటివి. సుమారు 2000 తేలిక మాటల్లోనే అర్థాలు వివరించేవి వాటిలో ఉన్నాయి.

ఏ మాటలు ఎంచుకోవాలో కూడా ఆలస్యంగానే తెలిసింది. మొదట్లో గొప్పగా వినిపించే మాటల వెంట పడ్డాను. నిజానికి, ఇంగ్లీషు బోధనలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ఇచ్చిన, ఎక్కువగా వాడే మాటల జాబితాలో దాదాపు 2000 మాటలే ఉంటాయి. మామూలు రాతలో ఎక్కువ భాగం వాటితోనే నడుస్తుంది. చిక్కంతా ఆ చిన్న మాటల్లోనే ఉంది: గెట్, టేక్, టర్న్. 'టర్న్ డౌన్' అంటే సౌండ్ తగ్గించడం, వచ్చిన అవకాశాన్ని కాదనడం కూడా. ఇలాంటివే ఇప్పుడు నా పెట్టెలో సగానికి పైగా ఉన్నాయి.

పెట్టె వల్ల కానిది ఉచ్చారణ. తెలుగు లిపిలో 'కంఫర్టబుల్' అని రాసుకున్నాను, అలాగే పలికాను. ఇంగ్లీషువాళ్ళు 'కంఫ్టబుల్' అన్నట్టుగా మింగేస్తారని విన్నాకే తెలిసింది. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు, క్రియ అయితే చివరి భాగాన్ని. ఆ తేడా ఏ కార్డు మీదా వినబడదు. ఇప్పుడు కార్డు రాసేముందు నిఘంటువు యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మూడుసార్లు వింటాను.

ఇంకో ఇబ్బంది, కార్డులు పేరుకుపోవడం. జ్వరంతో రెండు వారాలు పెట్టె తెరవలేదు. తెరిచేసరికి రెండు వందల నలభై కార్డులు ఎదురుచూస్తున్నాయి. కొత్తవి పూర్తిగా ఆపి, రోజుకు ముప్ఫై చొప్పున తీసుకుంటూ ఎనిమిది రోజుల్లో తేరుకున్నాను. ఒక్కరోజులో అన్నీ తేల్చేద్దామని కూర్చుంటే మర్నాడు పెట్టె ముట్టబుద్ధి కాదు.

బాగా మాట్లాడేవాళ్ళు దొరికితే ముందు వాళ్ళతో మాట్లాడండి, అదే మేలు. అలాంటి అవకాశం లేనివాళ్ళకు, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ నోరు పెగలని నాలాంటివాళ్ళకు, ఈ పెట్టెను మనస్ఫూర్తిగా చెప్తాను. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

మొదటి అరలో ఒక కార్డు రెండు నెలలుగా కదలకుండా ఉంది. ముందువైపు 'మొహమాటానికి ఒప్పుకున్నాను' అని రాసుంది, వెనక ఖాళీ. 'ఐ కుడింట్ సే నో' దగ్గరగా ఉందనిపిస్తోంది. అలాంటి సందర్భంలో ఎవరి నోటైనా ఆ వాక్యం విన్నాకే రాస్తాను.